మంగళవారం, మూడు నుంచి నాలుగున్నర

కాంతం క్యూలో నిలబడింది అనడం పేరుకే. కాలుగాలిన పిల్లిలా ఒకసారి పక్కకు జరిగి ముందుకు తొంగి చూస్తుంది, ఒకసారి వెనక ఎంతమంది చేరారో లెక్కపెడుతుంది, భుజాన ఉన్న సంచిలోంచి ఫోన్ తీసి టైం చూసి మళ్ళీ లోపల పడేస్తుంది. రెండు నిమిషాలు గడిచేసరికి మళ్ళీ ఆ ఫోన్ బయటికొస్తుంది. ముందు ఇంకా నలభై మంది ఉన్నారు. ఆ నలభై మందికీ ఈ లోకంలో వేరే పని ఉన్నట్టు లేదు.

వాంకూవర్ వచ్చి ఆ జపాన్ బండి దగ్గర తినకుండా పోతే వచ్చినట్టే కాదని ఫోన్లో వీడియోలు పెట్టేవాళ్ళందరూ ఎప్పుడో తేల్చేశారు. సముద్రం ఒడ్డున, ఎర్రగుడ్డ కట్టిన చిన్న బండి. దాని మీద గుంతల పెనం. పెనం నిండా గుండ్రటి ఉండలు. వాటిని తకోయాకి అంటారు. పిండి పోసి, లోపల ఆక్టోపస్ ముక్క వేసి, తిప్పి తిప్పి కాలుస్తారు. ఆ వీడియో మొదటిసారి చూసినరోజు కాంతం కాల్గరీలో కూతురింట్లో సోఫాలోంచి లేచి కూర్చుంది. "ఓయమ్మో! ఇది మన పొంగనాల పెనం గదా!" అని అరిచింది.

ఎందుకు అరవదు? ఆమెది ప్రొద్దుటూరు. ఆమె తల్లి ఎల్లమ్మ బస్టాండు ముందర ఇరవై ఆరేళ్ళు గుంతపొంగనాలు పోసింది. ఆ పన్నెండు గుంతల ఇనప పెనాన్ని కాంతం పాతచీరలో చుట్టి, సూట్‌కేసులో అడుగున పెట్టి కెనడా తెచ్చుకుంది. ఎయిర్‌పోర్టులో పెట్టె తెరిపించి ఇదేమిటని అడిగితే ఆమెకు ఇంగ్లీషు రాక, గాల్లో పిండి పోసి గాల్లో తిప్పి చూపించింది. ఆ ఆఫీసరు నవ్వి పంపేశాడు.

కాల్గరీలో ఆ ఇంటికి పది నిమిషాల దూరంలో, వేసవి శనివారాల్లో ఒక సంత జరుగుతుంది. కూరగాయలు, తేనె, బ్రెడ్డు, వేడివేడి తిండ్లు. అందులో పొంగనాల బండి పెట్టుకోవాలని కాంతం రెండేళ్ళ కిందట అప్లై చేసింది. వెయిటింగ్ లిస్టులో వేశారు. పోయిన ఏడాది మనవడి స్కూలు ఫేర్‌లో ఒక్కపూట పెట్టి చూస్తే పదకొండు గంటలకల్లా పిండి అయిపోయింది. తినడానికొచ్చిన పిల్లలు ఖాళీ పెనం చూసి మొహాలు వేలాడేశారు. ఆరోజు నుంచి ఆమెకు నిద్రలో కూడా అదే ధ్యాస. మొన్న శుక్రవారం ఈమెయిల్ వచ్చింది, చోటు ఖాళీ అయిందని. మంగళవారం సాయంత్రం ఐదు లోపల ఒప్పుకుంటున్నానని నొక్కాలి. నొక్కకపోతే అది తర్వాతి పేరుకు పోతుంది. ఆమెకు యాభై ఆరు నిండాయి. ఈసారి పోతే మళ్ళీ అడిగే ఓపిక తనకుండదని ఆమెకు తెలుసు.

ఇవాళే ఆ మంగళవారం.

శుక్రవారమే నొక్కేయక ఇంతదాకా ఎందుకు లాగింది అంటే, దానికి కారణం పక్కన నిలబడి ఉన్నాడు. పేరు శేషగిరి. కట్టుకున్నవాడు. ప్రొద్దుటూరు డిపోలో ముప్పై ఒక్క ఏళ్ళు కంట్రోలర్‌గా చేసి రిటైర్ అయ్యాడు. వద్దని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. "నీ ఇష్టం కాంతం" అనే అన్నాడు. "ఎట్లాగూ వాంకూవర్ పోతాండాం గదా, ఆ జపానోళ్ళ బండి చూసి, జనం నిజంగా నిలబడతారో లేదో చూసి, అప్పుడు నొక్కుదువులే. తొందర ఏముంది?" అన్నాడు. పెళ్ళై ముప్పై ఐదేళ్ళయిందని కూతురు అనిత కొనిచ్చిన టికెట్లు. మూడురోజుల విహారం. కొండలు చూశారు, వేలాడే వంతెన చూశారు. కాంతం చూసిందేగానీ ఏదీ తలకెక్కలేదు. ఆమె కళ్ళ ముందు పన్నెండు గుంతలే ఉన్నాయి.

ఇప్పుడు జనాన్ని చూసింది. చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు, సూట్లు వేసుకున్నవాళ్ళు, చేతికర్ర పట్టుకున్నవాళ్ళు. ఇంకేం కావాలి? ఫోన్ తీసి ఆ ఈమెయిల్ తెరిచింది. ఆకుపచ్చ బటన్ మీద బొటనవేలు పెట్టబోయింది.

"మూడయింది" అన్నాడు శేషగిరి, చేతి గడియారం చూసుకుంటూ. "మంగళవారం. మూడు నుంచి నాలుగున్నర రాహుకాలం గదమ్మే."

కాంతం వేలు గాల్లోనే ఆగిపోయింది. నాలుక కరుచుకుంది. ఎంత మతిమరుపు! ఎల్లమ్మ ఇంట్లో ఈ పట్టింపులేవీ లేవుగానీ, అత్తగారింట్లో అడుగుపెట్టిన మరునాటి నుంచి ఆమెకు రాహుకాలం ఒంటికి పట్టిపోయింది. ముప్పై ఐదేళ్ళలో ఉప్పు పొట్లం కూడా ఆ వేళ కొనలేదు. కెనడా వచ్చాక డాక్టరు అపాయింట్‌మెంటు, డ్రైవింగ్ టెస్టు, అన్నీ ఆ గంటన్నర తప్పించే పెట్టించుకుంది. శేషగిరి ఎప్పుడూ దానికి నవ్వేవాడు. "రాహుకాలంలో బస్సులు ఆపితే డిపో మూసుకోవాల" అని ఎగతాళి చేసేవాడు. అట్లాంటి మనిషి ఇవాళ తనే గుర్తుచేశాడు. తన మంచి కోరి చెప్పాడని ఆమెకు ముచ్చటేసింది.

"అయినా ఈ రాహువు ఏ ఊరి గడియారం చూసుకుంటాడయ్యా? ప్రొద్దుటూరుదా, కాల్గరీదా, ఈ ఊరిదా?" అంది నవ్వుతూ.

శేషగిరి ఉలిక్కిపడినట్టు చూశాడు. "ఎవురు యాడుంటే ఆడిదే. ఐదు దాకా టైముంది గదా. నాలుగున్నర దాటినాక నొక్కు" అని, సముద్రంలో ఏదో ఓడ వెళుతుంటే దానికేసి తిరిగాడు.

ఫోన్ సంచిలోకి వెళ్ళిందిగానీ కాంతం మనసు వెళ్ళలేదు. గంటన్నర! గంటన్నర ఎట్లా గడుస్తుంది? కాలు మార్చి కాలు మీద నిలబడింది. చెప్పు విప్పి, లేని రాయిని దులిపి, మళ్ళీ తొడుక్కుంది.

వాళ్ళ ముందున్న పెద్దావిడ వెనక్కి తిరిగింది. డెబ్భై దాటి ఉంటాయి. తెల్లటి జడ, పూల చొక్కా, చేతిలో గుడ్డసంచి.

"నువు తెలుగా?" అంది.

కాంతం నోరు తెరిచింది. ఆవిడ పేరు చంద్రవతి. పుట్టింది ఫిజీలో. నలభై ఏళ్ళుగా ఇక్కడికి దగ్గర్లోనే, సర్రీలో ఉంటోంది. చెరుకు తోటల్లో పని కోసం ఓడెక్కిపోయిన తాత తెలుగువాడు. "మా అమ్మ మాట్లాడేది. నాకు కొంచెం కొంచెం" అని, సగం ఇంగ్లీషులో, సగం ఎక్కడో దాచిపెట్టి బయటికి తీసినట్టున్న తెలుగులో చెప్పింది. ప్రతి మంగళవారం ఇక్కడికొస్తుందట. బండి నడిపే జపాన్ ముసలావిడ తనకు తెలుసట. ఇరవై ఏళ్ళ కిందట ఒక్కతే మొదలుపెట్టిందట.

"నేను కూడా ఇట్లాంటివే చేస్తా అక్కా. మా అమ్మ నేర్పింది" అంది కాంతం, ఆపుకోలేక.

"మీ అమ్మ ఏం చేసేది?"

కాంతం చెప్పేలోపే శేషగిరి అందుకున్నాడు. "మా అత్తకు హోటల్ ఉండె. ప్రొద్దుటూరులో. పెద్ద హోటల్."

చంద్రవతి మెచ్చుకోలుగా తలూపింది. కాంతం నేలకేసి చూసింది. ఆ హోటల్ ఆమెకు కొత్తేమీ కాదు. పెళ్ళినాడే నోటిమాటతో కట్టాడు దాన్ని శేషగిరి, తన అన్నదమ్ముల ముందు. ఆ తర్వాత ఊరు మారినా, దేశం మారినా, కొత్తగా పరిచయమైన వాళ్ళందరి ముందూ కడుతూనే వచ్చాడు. కాల్గరీ తెలుగు వాళ్ళ దగ్గర దానికి ఏసీ కూడా పెట్టించాడు. మొదట్లో ఆమెకు మండేది. తర్వాత అలవాటైంది. అలవాటైనంత మాత్రాన గుచ్చుకోదని కాదు.

మూడున్నరకు పెనం కనబడేంత దగ్గరికి వచ్చారు. ఇక చూడాలి కాంతాన్ని! మెడ సాగదీసి, మునివేళ్ళ మీద లేచి, ఆ ముసలావిడ చేతులకేసి కన్నార్పకుండా చూసింది. ఆవిడ గుంతల్లో నూనె పూసింది. ఎల్లమ్మ ఉల్లిగడ్డను సగానికి కోసి, దాన్నే నూనెలో ముంచి రాసేది. ఈవిడది కుచ్చు. పిండి గుంతల్లో ఆగకుండా పెనమంతా పొర్లేట్టు పోసింది. ఎల్లమ్మ చూస్తే, అట్లా పారబోసుకుంటావేమే అని తిట్టేది. కానీ ఈవిడ ఆక్టోపస్ ముక్కలు, ఉల్లికాడలు చల్లి, అంచులు బిగుసుకునేదాకా ఆగి, రెండు సన్నటి ఊచలతో పొర్లిన పిండినంతా గీతలు గీసినట్టు కోసి, ఏ గుంతది ఆ గుంతలోకి తోసి, ఒక్కో ఉండనూ సగం తిప్పింది. మళ్ళీ సగం. చేతులు ఆగడమే లేదు. వేళ్ళ చివర్లు నల్లగా గట్టిపడి ఉన్నాయి. ఎల్లమ్మ వేళ్ళూ అట్లాగే ఉండేవి. ఎల్లమ్మ ఊచ పాత గొడుగుది.

ఒక టూరిస్టు కుర్రది ఆవిడను ఆపి ఫోటో తీసుకోబోయింది. ముసలావిడ తలెత్తకుండా, "వన్ మినిట్. నౌ, టర్న్" అంది. ఇప్పుడు తిప్పాలి అని. అంతే. ఫోటో కోసం ఆగితే మాడిపోతాయి.

సంచిలో ఫోన్ మోగింది. అనిత మెసేజ్. "అమ్మా, అయిందా? నేను మీటింగ్‌లో ఉన్నా. ప్లీజ్, నొక్కేయ్."

"ఈ పిల్లకు ఏంటికింత ఆత్రం? ఇంకా గంటపైన ఉంది గదా" అంది కాంతం.

"నీ కూతురు గదా మరి" అన్నాడు శేషగిరి. ఆయనకూ కాలు నిలవడం లేదు. గడియారం చూసుకున్నాడు. "నేను పోయి నీళ్ళ బాటిల్ తెస్తా. నువ్వు ఈడే ఉండు. ఫోన్ ముట్టుకోవద్దు."

ఆయన అటు వెళ్ళగానే కాంతం మళ్ళీ పెనం వైపు తిరిగింది. ముసలావిడ కొత్త వాయి పోస్తోంది. ఆ పొగ, ఆ పిండి కాలే వాసన. ఉన్నట్టుండి ఆమెకు ఒక సంగతి గుర్తొచ్చింది. సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది. ప్రొద్దుటూరు బస్టాండులో పొంగనాలు చెల్లేది సరిగ్గా ఆ వేళకే! కడప బస్సు, జమ్మలమడుగు బస్సు, సోమవారం కోర్టు పనుల మీద వచ్చే పల్లెటూరి జనం. ఒకసారి పూజారి ఒకాయన పొంగనాలు తింటూ ఆ మాట ఎత్తితే ఎల్లమ్మ చెయ్యి ఆపకుండానే జవాబిచ్చింది. "సామీ, సోమారం ఏడున్నరకు నేను పొయ్యి ఆర్పేస్తే నా బిడ్డ ఏం తినాల? ఆ రాహువును కూడా వచ్చి కూసోమను. రెండు పొంగనాలు పెడ్తా."

పక్కనే పల్లీల చట్నీ వడ్డిస్తున్న పదేళ్ళ కాంతం ఆరోజు పకపకా నవ్వింది. ఆ పొంగనాలే తిని పెరిగింది. అంటే తన ఒంట్లో ఉన్న ఎముకలన్నీ రాహుకాలంలో సంపాదించిన తిండితో గట్టిపడినవే. ఇన్నేళ్ళూ ఈ ముక్క ఎందుకు తట్టలేదు తనకు?

ఫోన్ తీసింది. మూడూ యాభై రెండు. ఆ ఈమెయిల్ మళ్ళీ తెరిచింది. భయమా అంటే భయమే. ముప్పై ఐదేళ్ళ అలవాటు ఊరికే వదుల్తుందా? "అమ్మా, నీదే భారం" అనుకుని, ఆ ఆకుపచ్చ బటన్ నొక్కేసింది.

ఫోన్ మీద చక్రం తిరిగింది. కాసేపటికి పైన పెద్ద అక్షరాలు కనబడ్డాయి. ఆమెకు అందులో తన పేరు, శనివారం అన్న మాట అర్థమయ్యాయి. అవి చాలు. అప్పుడే రివ్వుమని ఒక సముద్రపు పక్షి దిగి, పక్కన తింటున్న కుర్రాడి చేతిలోంచి ఉండను ఎగరేసుకుపోయింది. కాంతం కెవ్వుమంది. రాహువు ఇంత తొందరగా వస్తాడని ఆమె అనుకోలేదు. కుర్రాడు నవ్వుతూ ఇంకొకటి తీసుకుని తిన్నాడు. అప్పటికిగానీ ఆమెకు ఊపిరి ఆడలేదు.

శేషగిరి నీళ్ళ బాటిల్‌తో వచ్చేసరికి నాలుగు దాటింది. వెళ్ళేటప్పుడు ముడుచుకుని ఉన్న మొహం వచ్చేటప్పుడు తేటపడి ఉంది. ఈల కూడా వేస్తున్నాడు. "ఈడ నిలబడు, నీకొక ఫోటో తీస్తా" అన్నాడు. "రేపు పొద్దన్న పడవెక్కుదామా?" అన్నాడు. ముందు గడియారాన్ని మింగేసేలా చూసిన మనిషి ఇప్పుడు దాని మొహమే చూడటం లేదు. నీళ్ళు దొరికినందుకే ఇంత సంబరమా అని కాంతం అనుకుంది. అంతకంటే ఆలోచించే తీరిక ఆమెకు లేదు. చెప్పకుండా చేసిన పని లోపల చీమలా పాకుతోంది. చెప్పేద్దామని నోటిదాకా వస్తుంది, నాలుగున్నర కానీలే అని మింగేస్తుంది. రాహుకాలంలో నొక్కానని తెలిస్తే జీవితాంతం ఆడిపోసుకుంటాడు.

చంద్రవతి వంతు వచ్చింది. ఆవిడ తన ఉండలు తీసుకుని పక్కనే ఉన్న బల్ల మీద కూర్చుంది. ఇక వీళ్ళ ముందు ఆరుగురు. తర్వాత నలుగురు. వాయి అయిపోయి ముసలావిడ పెనం తుడవడం మొదలుపెట్టింది. మళ్ళీ నిరీక్షణ.

"నాలుగున్నర దాటింది కాంతం" అన్నాడు శేషగిరి, మెత్తటి గొంతుతో. "ఇంగ నొక్కు."

కాంతం ఫోన్ తీసి పట్టుకుంది. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక తటపటాయించింది. శేషగిరి ఆ ఫోన్ వైపు చూడనే లేదు. ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"ఒకేళ పోయుంటే మనసులో పెట్టుకోవద్దు. మనకు రాసిపెట్టి లేదనుకుందాం. అనితకు నేను చెప్తాలే."

"పోయేదేంది? ఐదు దాకా ఉంది గదా?"

"అదే... కాల్గరీలో ఐదు..." అని, అంతటితో ఆగిపోయాడు.

కాంతం ఆయన మొహంలోకి చూసింది. కాల్గరీలో ఐదు. ఇక్కడ నాలుగు. ఆ ఊరికీ ఈ ఊరికీ గంట తేడా. అనిత ఆత్రం, నాలుగు దాటగానే ఈ మనిషి వేసిన ఈల, అన్నీ ఒకేసారి ఆమె తలలో వచ్చి కూర్చున్నాయి. విమానం నేల తాకకముందే ఈయన గడియారం గంట వెనక్కి తిప్పుకోవడం ఆమె కళ్ళారా చూసింది. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సుల రాకపోకలు నిమిషాలతో సహా నోటికి చెప్పిన మనిషి. ప్రొద్దుటూరులో జనం ఈయన విజిల్ విని గడియారాలు సరిచేసుకునేవాళ్ళు.

"నీకు తెలుసు" అంది.

"ఇప్పుడే గుర్తొచ్చె—"

"అబద్ధం చెప్పొద్దు. మూడు గంటలప్పుడే తెలుసు నీకు."

వెనకనుంచి ఎవరో ముందుకు జరగమన్నారు. జరిగారు.

"ఏంటికి చేస్తివి?" కాంతం గొంతు పెద్దది కాలేదు, చిన్నదైంది. "వద్దంటే వద్దని చెప్పలేవా?"

"ఎట్ల చెప్పేది?" అన్నాడు శేషగిరి, నేలకేసి చూస్తూ. "నువ్వు ఎగురుతాంటివి. కూతురు ఎగురుతాండె. నాకు... ఆ సంతకు మనోళ్ళంతా వస్తారు కాంతం. వారంవారం వస్తారు. నువ్వు ఆడ పొయ్యి ముందర నిలబడి పొంగనాలు పోస్తాంటే ఎవురో ఒకరు అడుగుతారు, యాడ నేర్చుకుంటివమ్మా అని. నువ్వు చెప్తావు. నీకు దాచడం రాదు. ఇన్నేళ్ళు నేను చెప్పుకున్నదంతా..."

"హోటల్ కూలిపోతాది. అంతేగదా?"

ఆయన తలూపాడు. అంత పెద్దమనిషి, బడిలో దొరికిపోయిన పిల్లాడిలా తలూపాడు. కాంతానికి జాలి కలగలేదు. కోపం వచ్చింది. కోపం కంటే ఎక్కువ బాధ కలిగింది. తన తల్లి గురించి ఆయన సిగ్గుపడటం ఆమెకు తెలిసిందే, దానికి ఆమె మనసు ఎప్పుడో కాయ కాచింది. కొత్తగా గుచ్చుకున్నది వేరే.

"ముప్పై ఐదేళ్ళు రాహుకాలం చూస్తాంటే నవ్వుతాంటివి. ఈరోజు నువ్వే గుర్తుచేస్తే నా మీద ప్రేమ అనుకొంటి. నా నమ్మకాన్నే నాకు అడ్డం పెడ్తివి గదయ్యా" అంది.

"హౌ మెనీ?" అంది జపాన్ ముసలావిడ. వాళ్ళ వంతు వచ్చింది.

కాంతం కళ్ళు తుడుచుకుని రెండు వేళ్ళు చూపించింది. ముసలావిడ కాగితపు పడవల్లో ఎనిమిదేసి ఉండలు వేసి, నల్లటి సాసు, తెల్లటి మయొనీస్ గీసి, మీద పల్చటి చేప తునకలు చల్లింది. వేడికి అవి ప్రాణమున్నట్టు కదిలాయి. ఇచ్చేటప్పుడు ఆవిడ చూపు కాంతం కుడిచేతి వేళ్ళ మీద పడింది. చూపుడువేలికీ బొటనవేలికీ చిన్నప్పటి కాలిన మచ్చలు. ఆవిడ తన వేళ్ళు ఎత్తి చూపించింది. ఒక్క క్షణం ఇద్దరూ నవ్వుకున్నారు. వెంటనే ఆవిడ, "నెక్స్ట్" అని కేకేసింది.

బల్ల దగ్గరికొచ్చారు. అటు చివర చంద్రవతి కూర్చుని ఉంది. ఇటు చివర కాంతం కూర్చుని, ఒక ఉండను పుల్లతో గుచ్చి నోట్లో పెట్టుకుంది. లోపల సలసల కాగే ముద్ద. నాలుక కాలింది. పైన కరకర, లోపల మెత్తన. బాగుంది. మావే ఇంకా బాగుంటాయి అనుకుంది, అంత దుఃఖంలోనూ.

శేషగిరి తినలేదు. పడవ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "తప్పు చేస్తి కాంతం" అన్నాడు. "నాలుగు కాగానే హాయిగా ఉన్నింది. ఇప్పుడు నీ మొహం చూస్తాంటే గుండె పిండినట్టుంది. ఆ సంతోళ్ళకు ఫోన్ చేద్దాం. నేనే బతిమాలతా. ఇంగేం చేయాలో చెప్పు."

"శనివారం పొద్దన్నే నాలుక్కు లేవాల" అంది కాంతం.

"ఏంటికి?"

ఆమె ఫోన్ ఆయన ముందుకు తోసింది. శేషగిరి కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. ఇంకోసారి చదివాడు. కింద నొక్కిన టైం కనబడింది. మూడూ యాభై రెండు. పెదాలు కదిలాయి. కాల్గరీలో నాలుగూ యాభై రెండు.

"రాహుకాలంలో నొక్కినావా? నువ్వు?"

"మా అమ్మ సోమారం ఏడున్నరకే వాయి మీద వాయి దించుతాండె. నీకు తెలీదా? రోజూ వచ్చి తింటాంటివి గదా."

శేషగిరి బల్ల మీద కూలబడ్డాడు. ఎనిమిది నిమిషాలు. ఆ ఎనిమిది నిమిషాలు ఆమెకు దక్కినందుకు ఆయన మొహంలో కనబడింది అచ్చంగా ఉపశమనమే. కాంతం అది చూసింది. చూసినా వెంటనే కరగలేదు.

"గడియారం ఇట్లియ్యి" అంది. ఆయన విప్పి ఇచ్చాడు. ఆమె ముల్లు గంట ముందుకు తిప్పి తన చేతికే కట్టుకుంది. వదులుగా ఉంది. అయినా సరే. "పొయ్యి కాడ టైం నేను చూసుకుంటా. ఇంగ నీకు ఏదన్నా ఇష్టం లేకుంటే ఎదురుగా వద్దను. కొట్లాడుకుందాం. ఇట్లాంటిది మాత్రం మళ్ళా చేయొద్దు."

"చేయను."

పక్షులు నెత్తి మీద తిరుగుతున్నాయి.

"శనివారం నేను రావాల్నా, వద్దా?" అన్నాడు శేషగిరి.

"వస్తే రా. చట్నీ వడ్డించేదానికి ఒక మనిషి కావాల. కానీ ఎవురన్నా వచ్చి నువ్వెవరని అడిగితే, ఎల్లమ్మ అల్లుణ్ణి అని చెప్పాల. ఏ ఎల్లమ్మ అంటే అదీ చెప్పాల. చెప్పలేనంటే ఇంట్లో పడుకో. నేనేమీ అనుకోను."

శేషగిరి చాలాసేపు తన ముందున్న ఉండల కేసి చూస్తూ కూర్చున్నాడు. కాంతం ఆయనను తొందరపెట్టలేదు. పొద్దున్నుంచి మొదటిసారిగా ఆమె కాళ్ళు ఒకచోట కుదురుగా ఉన్నాయి.

అటు చివర చంద్రవతి ఖాళీ పడవ మడిచి, సంచి సర్దుకుని లేచింది. వెళ్ళొస్తానని చెయ్యి ఊపింది. శేషగిరి గబుక్కున లేచి నిలబడ్డాడు.

"అక్కా, ఒక్క మాట" అన్నాడు. ఆవిడకు అర్థమయ్యేట్టు నిదానంగా, ఒక్కో మాట విడదీసి చెప్పాడు. "ఇందాక నేను చెప్పింది అబద్ధం. మా అత్తకు హోటల్ లేదు. బస్టాండు ముందర, చెట్టు కింద కూడా కాదు, ఎండలో, పొయ్యి పెట్టుకుని పొంగనాలు అమ్మేది. ఎల్లమ్మ ఆమె పేరు."

చంద్రవతి ఆయన మొహంలోకీ, కాంతం మొహంలోకీ చూసింది. ఎంత అర్థమైందో ఏమో.

"బాగుండేవా?" అని అడిగింది.

"ఒక్కరోజు వదిలిపెట్టలే అక్కా" అన్నాడు శేషగిరి. "డ్యూటీ దిగి నేరుగా ఆడికే పోతాంటి."